మొగల్-ఏ-ఆజం : చిత్రకథయుఁ జరిత్రయు

క్రీ. శ. 1960 వ సంవత్సరము ఆగస్టు 5 వ తేదీని బొంబాయిలోని మరాఠా మందిరమున మొదటఁ బ్రదర్శింపఁబడిన "మొగల్-ఏ-ఆజం" అను చలనచిత్రము భారతదేశమున వెలువడిన చారిత్రక చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. దీని దర్శకుఁడు కె. ఆసిఫ్. అక్బరు పాదుషాగాఁ బృథ్వీరాజ్ కపూరును, సలీము రాకుమారుఁడుగా దిలీప్ కుమారును, అనార్కలిగా మధుబాలయు, రాణి జోధాబాయిగా దుర్గా ఖోటేయు నటించిరి. చిత్రము నిడివి మూఁడు గంటల పదునేడు నిమిషములు. మొగలాయి చరిత్రమును బోధించు పండితుఁడు గాని, పారసీక చరిత్రగ్రంథములతోఁ బరిచయముగల పరిశోధకుఁడు గాని యీ చిత్రముఁ దొలిసారి చూచునపుడు రెండు చిక్కులలోఁ బడును. తా నెఱిఁగిన చరిత్రమునకు నిందలి కథ యడుగడుగునను విరుద్ధముగా నుండుట మొదటిది. అట్లుండియుఁ దెర పడిన పిదప నక్బరనఁగాఁ దన మనస్సునకుఁ దోఁచునది అబుల్ ఫజలు వర్ణించిన పాదుషా కాక పృథ్వీరాజ్ కపూరు మూర్తియే యగుట రెండవది. మొదటిది సులభముగాఁ దీఱును; గ్రంథములఁ దెఱచి తప్పులు లెక్కించినఁ జాలును. రెండవది యంత సులభముగాఁ దీఱునది కాదు. అక్బరును బాఠ్యపుస్తకమునఁ జదువుటకు ముందే తెరపైఁ జూచి వచ్చిన విద్యార్థులకు "అది యంతయుఁ గల్ల" యని యొక్క మాటతోఁ జెప్పి పుస్తకము తెఱచిన గురువు చెప్పినది సత్యమే యగును గాని, ఆ కల్ల యెందులకుఁ బుట్టినదో, యెవరి కుపయోగించినదో తెలుపని సత్య మది.

ముందుగాఁ గథ. సంతానములేని పాదుషా మండుటెండలో నిసుకపై వట్టికాళ్లతో నడచి యొక దర్గాకుఁ బోయి పుత్రుని వేఁడుకొనును. జోధాబాయి సలీమును గనును. ఆ శుభవార్తను దెచ్చిన దాసికిఁ బాదుషా తన యుంగరము నిచ్చి, యెన్నఁడైన నొక కోరిక కోరుకొమ్మని మాట యిచ్చును. గారాబమునఁ జెడుచున్న బాలుని దండయాత్రలకుఁ బంపఁగా నతఁడు పదునాలుగేండ్లకు వీరుఁడై తిరిగివచ్చును. శిల్పి చెక్కవలసిన విగ్రహమునకు మాఱుగా నిలువఁబడిన దాసకన్య సలీము కంటఁబడును. ఆమెకుఁ బాదుషాయే అనార్కలి, అనఁగా దానిమ్మ మొగ్గ, యని పేరిడును. తరువాత వలపు, బహార్ అను మఱియొక దాసి యసూయ, చెఱసాల, అద్దాల మహలునఁ బాదుషా యెదుటనే ప్రేమను జాటుచు నామె చేసిన నృత్యగీతములు, మరలఁ జెఱ. కొడుకు తండ్రిపై సేనలతో నెత్తివచ్చి యోడిపోవును. అతనికి మరణశిక్ష విధింపఁబడును. అనార్కలి తన్నుఁ దా నప్పగించుకొని యతనిఁ గాపాడును. ఆమెను సజీవముగా గోడ కట్టి పూడ్చుటకు నిర్ణయమగును. అంత నా తల్లి, పూర్వము శుభవార్తఁ దెచ్చిన దాసియే, పాదుషా యిచ్చిన మాటను జ్ఞప్తికిఁ దెచ్చును. పాదుషా తల్లిని గూఁతును రహస్యముగా సొరంగమార్గమున సాగనంపును. వారు లోకమునకుఁ గానరాక బ్రతుకవలెననియు, అనార్కలి జీవించియున్నట్లు సలీమున కెన్నఁడును దెలియరాదనియు నియమము పెట్టును. ఈ తుదిఘట్టమును జదువరులు గుర్తుంచుకొందురు గాక; దీనిఁ గూర్చి మీఁదఁ జెప్పవలసినది కలదు.

ఇఁక గ్రంథములు చెప్పునది. సలీము 1569 ఆగస్టు మాసము కడపట ఫతేపురసిక్రీలో జన్మించెను. అతనికిఁ బూర్వము పుట్టిన శిశువులు బ్రతుకలేదు. సిక్రీలోని షేక్ సలీం చిష్తీ యను ఫకీరు నాశీర్వచనమునఁ గలిగినవాఁడని శిశువున కాయన పేరే పెట్టిరి. పాదుషా కాలినడకన యాత్ర చేసినమాట సత్యమే. కాని యది పుత్రుఁడు కలుగుటకు ముందు కాదు; కలిగిన పిదప మ్రొక్కు చెల్లించుటకై 1570 వ సంవత్సరారంభమున ఆగ్రానుండి అజ్మీరునకుఁ జేసినది. మ్రొక్కు చెల్లింపును దర్శకుఁడు మ్రొక్కుగా మార్చినాఁడు. ఇది చిన్న మార్పు. నాటకకర్తలకు సహజముగా నుండు స్వాతంత్ర్యము. రాణి పేరును గూర్చిన పొరపాటు మాత్రము చిత్రముతోఁ బుట్టినది కాదు. సలీము తల్లి అంబరు రాజగు భారమల్లుని కూఁతురు. 1562 లో నక్బరు నామెను బెండ్లియాడెను. మొగలాయి గ్రంథము లామెను మరియముజ్జమానీ యను బిరుదముతోనే పేర్కొనును. జోధాబాయి యను పేరు జోధపురపు రాజపుత్రికకుఁ దగినది. ఆమె సలీము తల్లి కాదు, భార్య, షాజహానునకుఁ దల్లి. కోడలి పేరు నత్తకుఁ గట్టిన యీ తప్పు పందొమ్మిదవ శతాబ్దమునుండియు వ్యాపించినదే కాఁబట్టి యాసిఫునకు మాత్రమే దోష మంటఁగట్టుట న్యాయము గాదు.

సలీము వయస్సును వివాహములను జూచినచోఁ జిత్రకథకు మొదటి దెబ్బ తగులును. 1585 లోనే యతనికి మాన్ సింగు సోదరియగు మాన్ బాయితోఁ బెండ్లి యైనది. మఱుసంవత్సరము జోధపుర రాజపుత్రికతో. 1587 లో ఖుస్రూ, 1592 లో ఖుర్రము జన్మించిరి. ఈ ఖుర్రమే తరువాతి షాజహాను. తండ్రిపైఁ దిరుగుబాటు ప్రారంభమైన 1600 నాఁటికి సలీమునకు ముప్పది యేండ్లు దాఁటినవి. అంతఃపురమునఁ బెక్కుమంది భార్యలును, యౌవనమునకు సమీపించుచున్న కుమారుఁడును గలరు. దిలీప్ కుమారు నటించిన యొంటరి ప్రేమికుఁడు, తొలివలపునఁ జిక్కిన యవివాహిత యువకుఁడు, చరిత్రలో లేఁడు.

తిరుగుబాటు మాత్రము కలదు. దానిఁ గొంచెము వివరముగాఁ జూడవలెను. 1599 లో నక్బరు దక్షిణదేశమునకుఁ దరలెను. సలీమును మేవాడపు రాణాపైకిఁ బంపెను. సలీమా పని మాని అలహాబాదునకుఁ బోయి యచ్చటి ధనాగారమును వశపఱచుకొని స్వతంత్రప్రభువువలె నుద్యోగములును జాగీర్లును బంచుచు దర్బారు తీర్చెను. ఒకప్పుడు ముప్పదివేల గుఱ్ఱపురౌతులతో నాగ్రావైపునకుఁ గదలి, తండ్రి యాజ్ఞ విని యిటావానుండి వెనుకకు మఱలెను. తండ్రికొడుకులు రణరంగమున నెదురుపడి పోరాడిన యుద్ధమేదియు జరుగలేదు. చిత్రమున నొంటెలు, గుఱ్ఱములు, ఫిరంగులు, వేలకొలఁది సైనికులతో నంత వైభవముగాఁ జూపఁబడిన యుద్ధము చరిత్రమునఁ జోటులేనిది. చరిత్రమున జరిగిన ఘోరము వేఱు. దక్షిణమునుండి యక్బరు పిలుపుపై వచ్చుచున్న అబుల్ ఫజలును 1602 ఆగస్టులో బుందేలా వీరసింగు సలీము ప్రేరణచే మార్గమధ్యమునఁ జంపించెను. అక్బరునామాను రచించినవాఁడును, పాదుషాకుఁ బ్రాణమిత్రుఁడును నగు పండితుఁ డట్లు రాకుమారుని కుట్రకు బలియయ్యెను. ఇందు విశేషమేమనఁగా, ఈ హత్యను జేయించినవాఁడు తానే యని జహంగీరు (సలీము రాజ్యాభిషేకానంతర నామ మిది) తన స్వీయచరిత్రమునఁ దానే యొప్పుకొన్నాఁడు. తన చర్యను సమర్థించుకొన్నాఁడు కూడ. 1604 లో నతఁ డాగ్రాకు వచ్చి లొంగెను. తండ్రి యతనిఁ జెంపపెట్టు పెట్టి కొన్నిదినములు గదిలో నిర్బంధించి విడిచెను. 1605 అక్టోబరున నక్బరు చనిపోయెను.

ఈ వృత్తాంతమును జిత్రకథ ప్రక్క నుంచి చూచిన నొక సంగతి స్ఫుటమగును. గ్రంథములలోని కలహమునకుఁ గారణము సింహాసనము. చిత్రములోని కలహమునకుఁ గారణము స్త్రీ. చిత్రమందలి సలీము రాజ్యమునే గడ్డిపోచగా నెంచువాఁడు. అబుల్ ఫజలు హత్య యందు లేనే లేదు. ఉన్నచోఁ బ్రేక్షకుఁడు సలీమునకై కన్నీరు విడువఁజాలఁడు. రాజ్యకాంక్షచేఁ దండ్రికి ద్రోహము చేసిన ముప్పదియేండ్ల రాకుమారుని కళంకము నంతయుఁ బేరూరులేని యొక దాసకన్య తలకెత్తి యతనిని నిర్మలుని జేసిన కథ యిది. అనార్కలిని గోడలోఁ బూడ్చినవాఁ డక్బరని లోకము చెప్పుకొనుచున్నది. కొడుకు నేరమును గప్పిపుచ్చుటకు నామెను వాడుకొన్నది మాత్రము కథయే.

చిన్నచిన్న కాలవిరోధములు మఱికొన్ని గలవు. ఇట్టివానిపైఁ బండితులకు మక్కువ యెక్కువ; కాఁబట్టి రెండు మూఁడు చెప్పి విడువవచ్చును. అక్బరునామా ప్రకారము తాన్ సేను 1589 లో మరణించెను. చిత్రమున నతఁడు సలీమనార్కలుల యేకాంతమునకు నేపథ్యగానము చేయుచున్నాఁడు. ఆ గానము బడే గులాం అలీ ఖానుది, రాగము సోహిని, పద్ధతి తాన్ సేను నాఁటి ధ్రుపదము గాక యిరువదవ శతాబ్దపు పటియాలా బాణి. వినువారి కీ విరోధము తోఁపదు, తోఁచినను బాధింపదు. అద్దాల మహలు అక్బరు కాలమున లేదు. లాహోరు కోటలోనిది 1631-32 ప్రాంతమున షాజహాను కట్టించినది. పాత్రలన్నియు మాటాడు ప్రౌఢమైన యుర్దూ అక్బరు దర్బారు భాష కాదు. అచ్చటి భాష పారసీకము, వంశపు భాష తురుష్కము. అట్టి యుర్దూ తరువాతి శతాబ్దములలోఁ బెరిగి పండినది. అమాన్, వజాహత్ మీర్జా, కమాల్ అమ్రోహీ, ఎహ్సాన్ రిజ్వీ యను నలువురు కూడి వ్రాసిన యా సంభాషణల గాంభీర్యమును విన్నవారు, మొగలు పాదుషా యిట్లే మాటాడియుండునని నమ్మక మానరు. 1955 లో వేదాంతం రాఘవయ్య తీసిన తెలుఁగు "అనార్కలి"లో నక్బరు పాత్రధారి యస్. వి. రంగారావు తెలుఁగే మాటాడినను దెలుఁగు ప్రేక్షకున కది యసహజముగాఁ దోఁపలేదు గదా.

ఇంతకును అనార్కలి యెవరు? ఆమె యుండెనా?

అక్బరునామాలో నామె పేరు లేదు. ముల్లా బదాయూనీ పాదుషాపై ద్వేషముతోఁ జాటుగా వ్రాసికొన్న చరిత్రమునను లేదు. ఇట్టి వృత్తాంతము చెవిఁబడినచో నాతఁడు విడిచియుండునా యని సందేహింపవలసినదే, కాని యాతని గ్రంథము 1595-96 తో ముగియుచున్నది. జహంగీరు స్వీయచరిత్రమునను లేదు. త్రాగుఁబోతుతనమును దాఁపక, హత్యను దాఁపక చెప్పినవాఁడు వలపును దాఁచెనా? దాఁచుటకుఁ గారణమేమి? అనార్కలి కథ నిజమని వాదించువా రీ ప్రశ్నకు సరియైన సమాధాన మీయవలసియున్నది.

ఆమెను మొదటఁ బేర్కొన్నవారు విదేశీయులు. 1608 లో సూరతునకు వచ్చి 1611 లో లాహోరు చూచిన విలియం ఫించి యను నాంగ్లేయ వర్తకుఁడు, ఊరివెలుపలి తోఁటలోని సమాధినిఁ గూర్చి వ్రాయుచు, ఆమె అక్బరు భార్యలలో నొకతె యనియు, దానియాలు రాకుమారుని తల్లి యనియు, సలీముతో సంబంధము గలదని యెఱిఁగి పాదుషా యామెను గోడలో సజీవముగాఁ గట్టించెననియు, సలీము రాజైన పిదపఁ బ్రేమచిహ్నముగా నా సమాధిని నిర్మింప నాజ్ఞాపించెననియుఁ జెప్పినాఁడు. సర్ టామస్ రో వద్ద మతగురువుగా నుండిన ఎడ్వర్డు టెర్రీయు, అక్బరునకుఁ బ్రియమైన భార్యయగు అనార్కలి విషయమునఁ దండ్రి కొడుకునకు రాజ్యార్హత లేకుండఁ జేయఁదలఁచె నని యించుమించుగ నిట్టి వదంతినే వ్రాసెను. వీరిద్దఱు చెప్పినది నాట్యకత్తె కథ కాదు, సవతితల్లి కథ. దానియాలు జన్మించినది 1572 లో. సలీమునకంటె మూఁడేండ్లు మాత్రమే చిన్నవాఁడు. అతని తల్లియే యనార్కలి యైనచో 1599 నాఁటి కామె నలువదియేండ్లకుఁ దక్కువ గాని వయస్సున నుండవలెను. అంగడివీథిలోని యిట్టి నింద నాటకమునకుఁ బనికిరాదు. కాఁబట్టి తరువాతి కాలమున భార్య దాసి యయ్యెను. తల్లి కన్య యయ్యెను.

సమాధి మాత్రము నేఁటికిని లాహోరులో నున్నది. ఎనిమిది మూలల కట్టడము. లోనఁ జలువరాతి శవపేటికపై నల్లాయొక్క తొంబదితొమ్మిది నామములును, ప్రియవియోగమును దెలుపు పారసీక పద్యమును జెక్కఁబడి, "మజ్నూన్ సలీమక్బర్" అను సంతకము గలదు. వలపుచేఁ బిచ్చియైన యక్బరు కుమారుఁడు సలీ మని యర్థము. హిజరీ 1008, 1024 అను రెండు సంవత్సరము లందుఁ గలవు, మొదటిది క్రీ. శ. 1599-1600 నకును, రెండవది 1615 నకును సరిపోవును. మొదటిది మరణమునకు, రెండవది నిర్మాణము పూర్తియగుటకు గుర్తులని పలువురి యభిప్రాయము. ఆ సంతకము చూచి కథ సిద్ధమైనదని తలఁచుట తొందరపాటు. పద్యము సలీము దుఃఖమును దెలుపుచున్నది. గోడను దెలుపుట లేదు, పాదుషా క్రోధమును దెలుపుట లేదు, అనార్కలి యను పేరును దెలుపుట లేదు. సమాధి సలీము ధర్మపత్నులలో నొకతెయు, పర్వేజు తల్లియు నగు సాహిబ్ జమాలు దనియు, దానిమ్మతోఁటనుబట్టి యా ప్రదేశమునకుఁ గలిగిన పేరే కాలక్రమమున స్త్రీకిఁ బేరైన దనియుఁ జెప్పు పండితులు గలరు. ఆమెయు 1599 లోనే మరణించెను. ఇంకొక సాధనము గలదు. అది పాదుషా ప్రయాణములు. అక్బరు 1598 నవంబరునఁ దన మకామును లాహోరునుండి యెత్తివేసి యాగ్రాకు మఱలెను. 1599 లో నచ్చటినుండి దక్షిణమునకుఁ బోయెను. మరల లాహోరు చూడలేదు. హిజరీ 1008 లో లాహోరున నొక స్త్రీని గోడలోఁ గట్టించుచుఁ బాదుషా యెదుట నిలిచియుండుట పొసఁగదు. దూరమునుండి యాజ్ఞ పంపెనేమో యనవచ్చును. అనవచ్చునన్నవి యన్నియుఁ జరిత్రము గానేరవు.

ఈ కట్టడపు తరువాతి చరిత్రమును విచిత్రముగనే యున్నది. ఆంగ్లేయుల కాలమునఁ గొన్నాళ్లు క్రైస్తవుల ప్రార్థనాలయముగా నుండెను. 1891 నుండి పంజాబు ప్రభుత్వపు పాత దస్తావేజుల భాండాగారమైనది. ఏ రాజశాసనమందును బేరు గానరాని స్త్రీ సమాధి రాజశాసనముల కాటపట్టైనది.

కథ నాటకమైన తీరు సులభముగాఁ జెప్పఁదగినది. లాహోరు వాస్తవ్యుఁడగు ఇమ్తియాజ్ అలీ తాజ్ 1922 లో "అనార్కలి" యను నుర్దూ నాటకమును రచించెను. నేఁటి కథలోని దాసకన్య, అసూయపడు చెలికత్తె, అద్దములలోఁ బ్రతిఫలించిన చూపులచే వలపు బయటపడుట, ఇవన్నియు నందులోనివే. 1928 లో అర్దేషిర్ ఇరానీ సులోచనను నాయికగా నిలిపి మూకీచిత్రము తీసెను. 1935 లో దానినే మాటలతోఁ దీసెను. 1953 లో బీనా రాయ్ నటించిన హిందీ చిత్రమును, 1955 లో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించిన తెలుఁగు చిత్రమును వచ్చినవి. కాఁబట్టి "మొగల్-ఏ-ఆజం" విడుదలయగునాఁటికే యీ కథ తెలుఁగువారికిఁ గరతలామలకము; జిక్కి పాడిన యనార్కలి పాటలు పల్లెలలోఁ గూడ వినఁబడుచుండెను. ఇదంతయు నెఱిఁగియే యాసిఫ్ తన చిత్రమునకు నాయికపేరుగాని, నాయకుని పేరుగాని పెట్టలేదు. మహాసామ్రాట్టను నర్థమున నక్బరు బిరుదము పెట్టినాఁడు. పేరులోనే కథయొక్క బరువు దండ్రివైపునకు మొగ్గినది.

అందులకే ముగింపును మార్చవలసివచ్చినది. 1953 నాఁటి చిత్రమున నాయిక గోడలో మరణించును. చూచినవా రక్బరును శపించుచు లేచిపోదురు. ఆసిఫునకుఁ గావలసిన యక్బరట్టివాఁడు గాఁడు. న్యాయమునకై కన్నకొడుకునైన శిక్షించువాఁడు, ఇచ్చిన మాటకుఁ గట్టుపడువాఁడు, అయినను దయగలవాఁడు. ఈ మూఁడు గుణములు నొక్కచోఁ గుదురుటకు సొరంగమార్గము తప్ప వేఱు మార్గము లేదు. కాని యా సొరంగము మఱియొక పనికూడఁ జేయుచున్నది. ఆమె బ్రతికియున్న సంగతి యెవరికిని దెలియరాదని పాదుషా నియమించెను. తత్ఫలితముగా సలీ మెఱుఁగఁడు. కాఁబట్టి జహంగీరు స్వీయచరిత్రమున నామె జీవితము లేదు. ఆస్థానము నెఱుఁగదు, కాఁబట్టి గ్రంథములు చెప్పవు. లోకము ఆమె గోడలో మరణించినదని నమ్మినది. కాఁబట్టి ఫించి యట్లు వ్రాసెను. గ్రంథముల మౌనమునకుఁ జిత్రమే యొక కారణము గల్పించి, చరిత్రకారుని యాక్షేపమును ముందే మూసినది. దీనిని దర్శకుఁడు బుద్ధిపూర్వకముగాఁ జేసెనో, కథయొక్క యవసరముచేత నట్లు కుదిరెనో, యెట్లైనను దొలిసారి చూచు పండితుఁడు పరాకు పడఁదగిన చో టిది. మౌనమును వివరించుట వేఱు. మౌనమును సాక్ష్యముగాఁ జేయుట వేఱు. ప్రమాణము లేకపోవుటకుఁ జక్కని కారణము చెప్పఁగలిగినంతమాత్రమునఁ బ్రమాణము పుట్టదు. మన స్థలపురాణములలోను, గవుల చరిత్రములలోను నీ పద్ధతియే తఱచుగాఁ గానవచ్చును. గ్రంథము దొరకదేని కాల్చివేసిరందురు. శాసనము లేదేని నేఱు మ్రింగినదందురు.

అట్లని చిత్రమును జరిత్రకారుఁడు ప్రక్కకు నెట్టవలసిన పనిలేదు. అది 1600 వ సంవత్సరమునకు సాక్షి కాదు. తాను పుట్టిన కాలమునకు సాక్షి. ఆసిఫీ ప్రయత్నమును 1940 దశాబ్ది నడుమఁ బ్రారంభించెను. అప్పటి యక్బరు చంద్రమోహన్, అనార్కలి నర్గీసు. 1947 లో దేశము రెండుగాఁ జీలెను. ధనము పెట్టిన షిరాజ్ అలీ పాకిస్తానమునకుఁ దరలిపోయెను. 1949 లోఁ జంద్రమోహన్ మరణించెను. చిత్రము నిలిచిపోయి, పిమ్మట షాపూర్జీ పల్లోంజీ ధనసాహాయ్యమునఁ గ్రొత్త నటులతో మొదటినుండి తీయఁబడెను. విభజనమునకుఁ బూర్వము తలఁచిన చిత్రము విభజనమైన పదుమూఁడేండ్లకు వెలువడెను. దాని యాదియందు భారతదేశ పటము తెరపై నిలిచి, హిందూస్థానమే స్వయముగా మాటాడి, తన్నుఁ బ్రేమించిన వారిలో నక్బ రొకఁడని చెప్పును. మతము పేర రక్తము పాఱిన తరమువా రా మాట నేచెవులతో విన్నారో యూహింపవలెను. కృష్ణజన్మాష్టమినాఁడు పాదుషా స్వహస్తముతో నుయ్యాల నూఁపు ఘట్ట మీ దృష్టితోఁ జూడఁదగినది. అది యంతయుఁ గల్పన కాదు. అక్బరు నొసటఁ దిలకము ధరించెననియు, సూర్యుని మ్రొక్కెననియు బదాయూనీ పండ్లు కొఱుకుచు వ్రాసినాఁడు; భారతమును బారసీకమునకుఁ బరివర్తింపఁజేసిన "రజ్మ్ నామా" యక్బరు నాజ్ఞచేతనే పుట్టినది, ఆ పనికి బదాయూనీయే యిష్టములేక కూర్చుండవలసి వచ్చినది. ప్రేమకథలోఁ జరిత్రమునకు దూరముగాఁ బోయిన చిత్రము, ఎవరును జర్చింపని యీ యొక్క చిన్నఘట్టమునఁ జరిత్రమునకు మిక్కిలి దగ్గఱకు వచ్చినది.

నేఁ డీ చిత్రమును దొలిసారి చూచువారిలోఁ బెక్కుమంది చూచునది 1960 నాఁటి ప్రతి కాదు. నలుపుతెలుపులలో నున్న భాగములకుఁ గూడ రంగులు వేసి 2004 నవంబరులో మరల విడుదల చేసిన ప్రతి. పాఠభేదములపై దృష్టిగలవా రీ భేదమును గుర్తింపవలెను. మొదటి ప్రతిలో రంగు లద్దాల మహలు నృత్యమునను, గడపటి భాగమునను మాత్రమే యుండెను. గంటలకొలఁది నలుపుతెలుపులఁ జూచిన కంటికిఁ దటాలున నా మహలు రంగులతో వెలుఁగుట, అనార్కలి మొట్టమొదట భయము విడిచిన క్షణముతోఁ గలిసి వచ్చును. పైకప్పునందలి వేలకొలఁది యద్దములలో నామె రూపము తిరుగుచుండఁగాఁ బాదుషా కన్నెత్తిన యెల్లెడల నామెయే కనఁబడును. అంతయు రంగులైన ప్రతిలో నా మార్పు లేదు. ఉన్నది శోభ మాత్రమే. మూలప్రతి దొరకినచో దానినే ముందుగాఁ జూచుట మేలు.

1965 యుద్ధము పిదపఁ బాకిస్తానమున భారతీయ చిత్రములకు నిషేధ ముండెను. ఈ చిత్రము 2006 లోఁ బ్రత్యేకానుమతితో నచ్చటఁ బ్రదర్శింపఁబడినది. అనార్కలి పేరనే ప్రసిద్ధమైన బజారు లాహోరున నున్నది. సమాధి దానికిఁ జేరువ. ఆ యూరివారు తమ యూరి కథను, తమ యూర నాటకమైన కథను, బొంబాయిలో నిర్మించిన యద్దాల మహలులో నలువదియాఱేండ్ల కాలస్యముగాఁ జూచిరి. సమాధిలోని దస్తావేజులలో నామెను గూర్చి యొక్క పంక్తియైన నింతవఱకు వెలువడలేదు.